ముందు తన వేలు పొడుచుకునే మనిషి

నా బతుకులో నాకు వచ్చిన అత్యధిక మార్కులు పద్నాలుగున్నర. అవి కూడా రాసి తెచ్చుకున్నవి కావు, వేలు పొడిపించుకుని తెచ్చుకున్నవి. బడిలో లెక్కల సారు నాకు ఏనాడూ రెండంకెల మార్కు వేయలేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి జనగామ బడులన్నీ మూతపడినప్పుడు నా ఈడు పిల్లలందరూ తెలంగాణ కోసం బడి మానేశారు, నేను లెక్కల సారు కోసం మానేశాను. బడులు తెరిచాక వాళ్ళందరూ తిరిగి పోయారు. నేను మాత్రం ఉద్యమాన్ని ఇప్పటిదాకా కొనసాగిస్తూనే ఉన్నాను.

ఆ పద్నాలుగున్నర వేసిన మనిషి జనగామ సర్కారు దవాఖానలో రక్తం పరీక్షలు చేసేవాడు. నేను అదే దవాఖాన జీపు డ్రైవర్ని. ఆయన పేరు రాయను. రాసినా లాభం లేదు, ఊరంతా ‘రక్తం సారు’ అనే పిలిచింది కనుక, అసలు పేరు రాస్తే జనగామలో సగం మంది ‘ఆయనెవరు?’ అని నన్నే అడుగుతారు.

మొన్న ఎండాకాలంలో ఊపిరాడని ఒక ముసలాయనను జనగామ నుంచి హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ రక్తంలో గాలి ఎంత ఉందో కొలిచే మిషన్ ఒకటి పెట్టారు. బీరువా అంత ఉంది, పక్కన రెండు గ్యాస్ సిలిండర్లు. ముసలాయన కొడుకు ఐసుముక్కల గిన్నెలో రక్తం సిరంజి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మిషన్ దగ్గరున్న అమ్మాయి ఆ గిన్నెను చూసింది కానీ ముట్టుకోలేదు. ఒక చిన్న గాజు బుడ్డి మెడ విరిచి, అందులోని నీళ్ళు మిషన్‌కు పట్టింది.

“అమ్మా, మా నాయినకు పానం పోతాంది, నువ్వు మిషన్‌కు నీళ్ళు తాపుతున్నవా?” అని కొడుకు లేచాడు.

“దీంట్లో ఎంతుందో నాకు ముందే తెలుసండీ. అది మిషన్ సరిగ్గా చెప్తుందో లేదో చూడాలి. చెప్పకపోతే మీ నాన్నగారి గురించి చెప్పేది కూడా అబద్ధమే” అన్నది ఆ అమ్మాయి.

మొదటిసారి మిషన్ తప్పే చెప్పింది. ఏదో మర తిప్పి మళ్ళీ పట్టింది. రెండోసారి తనకు తెలిసిన లెక్కకు దగ్గరగా పలికింది. అప్పుడు తీసుకున్నది ముసలాయన రక్తం. మొత్తం ఒక చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు.

నేను గోడకు ఆనుకుని నవ్వబోయాను. సగంలోనే మానుకున్నాను. ఆ అమ్మాయికి కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, కొడుకు అరిచినా వెనక్కి తగ్గకుండా నిలబడే హక్కు ఉంది. పదేళ్ళ కింద అదే పని చేసినందుకు మా రక్తం సారుకు ఏం దొరికిందో నాకు తెలుసు. ఆయన సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ‘ప్రభుత్వ పరికరమును ఉద్దేశపూర్వకముగా ధ్వంసము చేసినాడు.’ ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని నాకు తెలిసినంత బాగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

మనిషి పొడుగు. మెడ ఇంకా పొడుగు. చొక్కా మొదటి గుండీ ఎప్పుడూ పెట్టుకునే ఉండేవాడు, అందువల్ల దూరం నుంచి చూస్తే ఎవరో సీసాకు బిరడా బిగించినట్టు కనిపించేవాడు. ఈ మాట ఆయనతోనే అన్నాను. “మూత పెట్టిన సీసానే నయ్యం, దుమ్ము పడది” అని తన పని తాను చేసుకున్నాడు. ఆయనను నవ్వించాలని నేను నాలుగేళ్ళు పాటుపడ్డాను. జీపు ఎక్కిన పేషెంట్లు కడుపునొప్పితో మూలుగుతూ కూడా నా మాటలకు నవ్వేవారు. ఈయన నవ్వడు. నవ్వొచ్చినప్పుడు చెవి వెనక గోక్కునేవాడు, అంతే. చెవి గోక్కుంటే నాకు పండగ.

ఎడమచేతి వేళ్ళ కొనలు మినపగింజలు అతికించినట్టు నల్లగా ఉండేవి. రోజూ పొద్దున గది తలుపు తీయగానే, ఒక్క పేషెంటును కూడా పిలవకముందే, సూదితో ముందు తన వేలు పొడుచుకునేవాడు. ఆ చుక్కను పీల్చి పరీక్ష చేసి, ఒక పాత నోటు పుస్తకంలో ఆనాటి అంకె రాసుకునేవాడు. ఆ తర్వాతే బయటికి చూసి “రావాలె” అనేవాడు.

దీన్ని చూసి ఊరికి ఎన్ని అనుమానాలో. మంత్రం కడుతున్నాడని ఒకరు, పాపం ఏదో మాయరోగమని ఒకరు. ఆయన భార్య, మేమందరం అక్కా అని పిలిచే మనిషి, ఒకసారి నాతోనే అన్నది: “ఊరందరికి రక్తం ఎక్కాలని గోలీలు రాపిస్తడు తమ్మి, ఇంట్ల ఉన్న రక్తం పొడిచి పారబోస్తడు.”

నేను అడిగాను ఒకనాడు. ఆయన పెట్టె తెరిచి చూపించాడు. పిడికిలంత పెట్టె. అందులో అటొక గాజు కడ్డీ, ఇటొక గాజు కడ్డీ, రెండింట్లో గోధుమరంగు ద్రవం పోసి మూతులు అతికించేశారు. నడుమ గీతలున్న ఖాళీ గొట్టం. మన రక్తం చుక్కను ఆ గొట్టంలో యాసిడ్‌తో కలిపితే గోధుమరంగుకు తిరుగుతుంది. పక్క కడ్డీల రంగుతో సరిపోయేదాకా చుక్క చుక్క నీళ్ళు పోయాలి. సరిపోయినప్పుడు నీళ్ళు ఏ గీత మీద ఉంటే అది మన రక్తం బలం.

“అయితే గిందుల పరేషాన్ ఏమున్నది సారు?”

“నీకు చాయ్ లెక్క చెప్త. పక్క గిలాసల చాయ్ ఉన్నది. దాని రంగు వచ్చేదాంక నీ గిలాసల నీళ్ళు పోస్తున్నవ్. పక్క గిలాసల చాయే పల్చగున్నదనుకో, ఏం చేస్తవ్?”

“నాదాంట్ల ఇంకిన్ని నీళ్ళు పోస్త.”

“నీళ్ళు పెరిగె, గీత పెరిగె. నీ చాయ్ చిక్కబడ్డదా?”

“ఎక్కడిది, పలుసబడ్డది.”

“గదీ. పక్క కడ్డీల రంగు ఏండ్లు గడిస్తే ఎలిసిపోతది. ఎలిసినకొద్ది ఊరోళ్ళ రక్తం పెరుగుతనే ఉంటది, కాయితం మీద. మనిషేమో తెల్లగ పాలిపోతడు. అందుకే ముందు తెలిసినదాన్ని అడగాలె. తెలిసింది సక్కగ చెప్తెనే తెల్వంది అడగాలె.”

తెలిసింది ఏమిటంటే తన రక్తమే. మూణ్ణెల్లకొకసారి సెలవు పెట్టి, ప్యాసింజర్ బండెక్కి వరంగల్ పోయి, అక్కడి పెద్ద ల్యాబులో మంచి మిషన్ మీద తన రక్తం చూపించుకుని వచ్చేవాడు. పదమూడు. పొద్దున పెట్టె కూడా పదమూడు అంటే ఆ రోజు పెట్టెకు డ్యూటీ. లేకుంటే పెట్టెకు సెలవు. ఒక్కడి రక్తం సాక్ష్యానికి చాలదని రెండో మనిషిగా నన్ను పట్టుకుపోయాడు. అట్లా నాకు పద్నాలుగున్నర. ఆ సోమవారం నుంచి ప్రతి సోమవారం నా వేలికి సూది.

ఇంకొక తెగులు కూడా ఉండేది ఆయనకు. గొట్టం మీద గీతలు ఒక చోట మొదలవుతాయి. పేషెంటు రక్తం మరీ పల్చగా ఉండి ఆ మొదటి గీతకు కూడా అందకపోతే, అందరూ ఏదో ఒక చిన్న అంకె వేసి పంపుతారు. ఈయన వేయడు. చీటీ మీద ‘గీతల కింద ఉన్నది. ఎంతో తెల్వదు’ అని రాసి సంతకం పెట్టేవాడు. ఒకనాడు కోస్తా నుంచి వచ్చిన మా డాక్టరుగారు ఆ చీటీ పట్టుకుని గదిలోకొచ్చాడు.

“ఏంటయ్యా ఇది, తెల్వదు ఏంటి తెల్వదు? గవర్నమెంటు కాగితం మీద ఎవరైనా ఇట్లా రాస్తారా? ఒక అంకె వెయ్యి.”

“ఏ అంకె వేయాల్నో మీరు చెప్పున్రి సార్, వేస్త.”

“నాకెట్లా తెలుస్తుంది?”

“మీకు గూడ తెల్వదు గదా సార్. గదే రాసిన.”

డాక్టరు కోపంగా వచ్చినవాడు ఆలోచిస్తూ పోయాడు. ఆ పేషెంటును ఆ పూటే నా జీపులో వరంగల్ పంపించాడు. అంకె వేసి ఉంటే మందుగోలీలిచ్చి ఇంటికి పంపేవాడు. తెలియదని రాస్తే కదా తెలుసుకునే చోటికి పంపాలన్న బుద్ధి పుట్టేది.

ఎమర్జెన్సీ వచ్చింది. దేశంలో అన్నిటికీ టార్గెట్లు పెట్టారు, మా శాఖకు కుటుంబనియంత్రణ ఆపరేషన్ల టార్గెట్ పడింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే వరంగల్ జిల్లా కనుక ఎక్కడ క్యాంపు పెట్టినా మా జీపు పోవాల్సిందే. ఆ రోజు భూపాలపల్లిలో ఆడవాళ్ళ ఆపరేషన్ల క్యాంపు. ఇప్పుడంటే బొగ్గు పుణ్యమా అని ఆ పేరు నలుగురి నోళ్ళలో పడుతోంది, అప్పుడది అడవి అంచున నాలుగిళ్ళు, ఒక బడి.

తెల్లవారుతూనే బయలుదేరాం. రక్తం సారు నా పక్క సీట్లో, పెట్టె ఆయన ఒళ్ళో. పరకాల దాటిన తర్వాత నాకు బుద్ధి పుట్టింది, ఈ రోజు ఈ మనిషిని ఎట్లైనా నవ్వించాలని. మా డాక్టరుగారు ‘తెల్వదు ఏంటి తెల్వదు’ అని ఎట్లా అన్నాడో ఆయన గొంతుతో, ఆయన చేతులతో చేసి చూపించాను. చేతులంటే రెండు చేతులూ. స్టీరింగు దానంతటదే ఉంది. ఆయన చెయ్యి లేచింది, చెవి వెనక్కి పోయింది, పెదవి కూడా వంగింది. నేను ఆ పెదవినే చూస్తున్నాను. ముందు కల్వర్టు కుంగి ఉంది, అది నేను చూడలేదు.

జీపు ఎగిరి పడింది. చెవి దగ్గరున్న చెయ్యి పెట్టెను అందుకోలేకపోయింది. తెరిచి చూస్తే ఒక కడ్డీ రెండు ముక్కలు, గోధుమరంగు ఆయన తెల్లచొక్కా మీద కారింది. ఆయన గాజుముక్కలు ఏరి రుమాలులో మూట కట్టుకున్నాడు.

“జర రోడ్డు చూసి నడుపు” అన్నాడు. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

బడి ముందు షామియానా, మైకులో పాటలు, పొద్దుటి నుంచే వరసలో ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. ఊరికి ఇంతమంది అని లెక్క కట్టి తోలుకొచ్చిన పటేళ్ళు చెట్ల కింద బీడీలు తాగుతున్నారు. నల్ల కళ్ళద్దాల క్యాంపు ఆఫీసరు మా పెట్టె పగిలిన సంగతి విని కొంచెం కూడా పరేషాన్ కాలేదు. “మన దగ్గర ఇంకోటి ఉందిగా” అని ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. దాని మూత మీద వరసగా నాలుగేళ్ళ ముద్రలు: తనిఖీ చేయబడినది, తనిఖీ చేయబడినది. ఒక్కో ముద్ర కింద ఒక్కో సంతకం, ఎంత వంపులు తిరిగిన సంతకమని! ఆ సంతకాలు పెట్టినవాళ్ళలో ఒక్కడు కూడా మూత తెరవలేదని నేను ఒట్టేసి చెప్పగలను. తుప్పు పట్టి బిగుసుకున్న మూతను మేమే స్క్రూడ్రైవరుతో విప్పాం.

రక్తం సారు బెంచీ మీద కూర్చుని, అలవాటు ప్రకారం, ముందు తన వేలు పొడుచుకున్నాడు. కిటికీ వెలుతురుకు గొట్టం ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. పదిహేడు. నన్ను పిలిచాడు. నాది పంతొమ్మిది.

“సారు, పరకాల దాటంగనే ఇద్దరం పైల్వాన్లమైనం” అన్నాను.

“మనం కాదు, కడ్డీలు ఎలిసినయి. పదమూడుకు పదిహేడు చెప్తాంది. అంటే పది ఉన్నోళ్ళకు పదమూడు చెప్తది.” మా దవాఖానలో పది ఉంటేనే ఆపరేషన్ బల్ల ఎక్కించేవారు. ఆయన సంచిలోంచి ఎర్రదారం తీసి గొట్టానికి పదమూడో గీత దగ్గర ముడివేశాడు. “ఈ పెట్టెకు గిదే పది. దారం మీదికి వస్తెనే లోపటికి.”

నలభై మంది వరసలో పదకొండు మందే దారం దాటారు. మిగిలినవాళ్ళ చీటీల మీద ‘వద్దు’ అని రాసి చెట్ల కింద కూర్చోబెట్టాడు. వాళ్ళలో కొమురమ్మ అని ఒకామె, ముప్పై ఏళ్ళుంటాయో లేదో, నలుగురు పిల్లల తల్లి. ఈ పెట్టె మీదనే తొమ్మిది పలికింది. అంటే అసలుకు ఏడు. ఆమె పోనంటుంది.

“సారూ, ఇంకో కాన్పైతె నువ్వు దక్కవని మంత్రసాని చెప్పింది. నా కాళ్ళ మీద నేను వచ్చిన, ఎవలు తోల్కరాలే. చెయ్యమని చెప్పు సారు.”

“బిడ్డా, చెయ్యద్దని అంటలేను, ఇయ్యాల వద్దంటున్న. నీ ఒంట్ల రక్తం లేదు. బల్ల మీద ఇంకిన్ని పోతె లేస్తవా? మూడు నెలలు గోలీలు మింగు, ఆకుకూర తిను. నేనే వచ్చి వరంగల్ తీస్కపోత.”

“మా పటేలు ఊకుంటడా సారు?”

పటేలు ఊకోలేదు. తన ఊరి లెక్క తగ్గిందని ఆఫీసరు దగ్గరికి పోయాడు. ఆఫీసరు అక్కడి నుంచే అరుచుకుంటూ వచ్చాడు.

“ఏం చేస్తున్నావయ్యా నువ్వు? ఇదే పెట్టెతో పోయిన నెల మానుకోటలో క్యాంపు చేశాం. ఒక్కరు ఫెయిల్ కాలేదు. ఇవ్వాళ నువ్వు కూర్చునేసరికి జిల్లా మొత్తం రక్తం ఇంకిపోయిందా?”

అప్పుడు ఆయన ముఖం చూడాలి. నాలుగేళ్ళలో నేనెప్పుడూ చూడని ముఖం. “గీ పెట్టెతోని మానుకోటల చేసిన్రా?” అని లేచి నిలబడ్డాడు. “వాళ్ళెట్లున్నరు సార్? ఎవరన్న పోయి చూసిన్రా?”

ఎవరు పోయి చూస్తారు? ఆపరేషనయినవాళ్ళ లెక్క రాసుకోవడానికి పెద్ద పుస్తకం ఉంది. ఇంటికి పోయి లేవలేకపోయినవాళ్ళను రాసుకోవడానికి మా శాఖ పుస్తకమే కుట్టించలేదు. ఇప్పటికీ నాకు తెలియదు మానుకోట వాళ్ళ సంగతి. మొదటి గీత కిందికి తోసేశారు వాళ్ళను, ఎంతమందో తెల్వదని రాసేవాడు కూడా లేకుండా.

ఆఫీసరు, జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు చేసేదే చేశాడు, గొంతు పెంచాడు. “పెట్టె మీద నాలుగు ముద్రలున్నాయి. నీ వేలు మీద ముద్ర ఉందా? నీ రక్తం, ఈ డ్రైవర్ గాడి రక్తం తప్పితే నీకు రుజువు లేదా? ఇదిగో, నాది చూడు!” అని చొక్కా చెయ్యి పైకి మడిచి వేలు చాపాడు.

రక్తం సారు శాంతంగా దూదితో వేలు తుడిచి పొడిచాడు. యాసిడ్ వేశాడు. నీళ్ళు చుక్క చుక్క పోస్తున్నాడు, పోస్తున్నాడు, గొట్టం నిండుకొస్తోంది. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు. మైకులో పాట కూడా ఆగింది.

“ఇరవై దాటింది సార్. గింత ఉన్న మనిషి గిట్ల నిలబడి నన్ను తిట్టలేడు, మంచం మీదనన్న ఉండాలె, లేకుంటె అసలే ఉండద్దు. ఏం రాయమంటరు? మీరు లేరని రాయాల్నా, పెట్టె తప్పని రాయాల్నా?”

మొదట నవ్వింది కొమురమ్మే. తర్వాత వరసంతా నవ్వింది, పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు, పటేలు కూడా బీడీ పొగ మింగి దగ్గాడు. నేను మాత్రం నవ్వలేదు. జీవితంలో మొదటిసారి నాకంటే పెద్ద నవ్వు ఇంకొకడు పుట్టించాడని కుళ్ళుకున్నాను, అది నా స్థాయి.

ఆ నవ్వుకు లోపలి నుంచి లేడీ డాక్టరు బయటికొచ్చింది. కొత్తగా చేరిన గుంటూరు పిల్ల. సంగతి విని, చేతి తొడుగులు విప్పి, కొమురమ్మ కంటి కింది రెప్పను వేలితో లాగి చూసింది. తెల్లకాగితం లాగా ఉంది.

“నేను చెయ్యనండీ. ఆయన దారం దాటిన పదకొండు మందికే చేస్తాను. కావాలంటే నా పేరు మీద రాసుకోండి” అని లోపలికి పోయింది.

పదకొండు మందీ క్షేమంగా ఇళ్ళకు చేరారు. మూడు నెలల తర్వాత రక్తం సారు అన్న మాట ప్రకారం కొమురమ్మను నా జీపులోనే వరంగల్ తీసుకుపోయాం. ఆపరేషన్ అయింది, మనిషి నిక్షేపంగా ఉంది. నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ మనిషి క్యాంపును చెడగొట్టినవాడు కాదు. చెయ్యాల్సిన పనిని మనిషి బతికి లేచేటట్టు చేయించినవాడు.

కానీ ఒక ఆఫీసరు వేలి మీద నలభై మంది ఆడవాళ్ళు నవ్వారు. దానికి బదులు తీర్చుకోకుండా ఉంటారా? వరంగల్‌లో విచారణ పెట్టారు. ముద్రలున్న పెట్టె గురించి ఎవరూ అడగలేదు. అది మళ్ళీ ట్రంకులో చేరి ఇంకొక ఊరు పోయింది కూడా. అడిగిందంతా మా పెట్టె గురించే. క్యాంపును ఆపాలని ముందే అనుకుని, దారిలో కావాలనే తన పెట్టె పగలగొట్టుకున్నాడని ఆయన మీద నేరం. నన్ను సాక్ష్యానికి పిలిచారు.

“పెట్టె ఎట్లా పగిలింది?” అని అడిగారు నన్ను.

నా దగ్గర నిజం ఉంది. మూడు ముక్కల నిజం: చేతులు వదిలింది నేను. ఆ గదిలో నలుగురు ఆఫీసర్లు, పెద్ద బల్ల, పైన తిరుగుతున్న ఫ్యాను. నా ఉద్యోగం కళ్ళ ముందు తిరిగింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అది బయటికొచ్చింది.

“రోడ్డు పగలగొట్టింది సార్. మెమో ఇయ్యాల్సింది కల్వర్టుకు. అదింకా అక్కడ్నే కూసోని ఉన్నది, పారిపోలే.”

నలుగురూ నవ్వారు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సరదా మనిషివయ్యా, పో” అన్నారు. గుమాస్తా ఒక్క ముక్క రాసుకోలేదు. బయట వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ రక్తం సారుకు ఆ నవ్వులు వినిపించాయి. తర్వాత ఆయనను పిలిచారు. తలుపు సందులోంచి నేను విన్నాను.

“పగిలినప్పుడు పెట్టె ఎవరి దగ్గరుంది?”

“నా ఒళ్ళ ఉన్నది సార్.”

“ఎవరి తప్పు?”

“పట్టుకున్నోణ్ణి నేను. పగిలిందంటే నేను గట్టిగ పట్టుకోలేదన్నట్టు.”

ఇంకొక్క మాట, ‘డ్రైవర్ను అడగండి’ అంటే సరిపోయేది. అనలేదు. నేనంటానని చూశాడేమో. నేను తలుపు దగ్గరి నుంచి కదిలి, వరండా దిగి, జీపు తుడవబోయాను.

ఆయనను నెల్లికుదురు పక్కన ఒక చిన్న దవాఖానకు తోలేశారు. అక్కడ రక్తం పెట్టె లేదు, యాసిడ్ లేదు, పరీక్ష లేదు. పట్టీ గుడ్డలు, దూది చుట్టలు లెక్కపెట్టే పని ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత ఒకసారి అటు పోయి చూశాను. మనిషి ఖాళీగా లేడు. రోజూ పొద్దున కిరాణా కొట్టుకు పోయి రెండు కిలోల రాయి అడిగి తెచ్చి, చంటిపిల్లలను తూచే త్రాసు మీద పెట్టి చూస్తున్నాడట. దవాఖానలోని జ్వరం చూసే గాజుపుల్లలన్నింటినీ ఒకే గోరువెచ్చని నీళ్ళ గిలాసలో ముంచి, అన్నిటికీ ఒకటే అంకె వస్తోందా అని చూసి, రాని రెండింటికి దారం కట్టి పక్కన పెట్టాడట. అక్కడి నర్సమ్మ నాతో మొర పెట్టుకుంది: “గిలాసకు జ్వరం చూసే మనిషిని మా పాలిట పంపిన్రు ఎందుకు తమ్మి?”

నన్ను చూసి ఆయన అడిగింది ఒకటే. “నీ జీపు స్పీడు ముల్లు సక్కగ చూపిస్తాందా?”

“అది కొన్ననాటి సంది సున్న మీదనే ఉన్నది సారు.”

చెవి వెనక గోక్కున్నాడు. పెట్టె మాట ఎత్తలేదు. నేను ఎత్తుదామని పోయాను, చాయ్ తాగి వచ్చేశాను.

హైదరాబాదులో ఆ అమ్మాయిని చూసి వచ్చిన మర్నాడు, ఇప్పుడు రక్తాన్ని అడగకముందు మిషన్‌ను అడిగే రోజులు వచ్చాయని ఆయనకు చెప్పాలని పోయాను. అప్పటికే నెల్లికుదురు నుంచి వచ్చేసి జనగామలోనే ఉంటున్నారని విన్నాను. తలుపు అక్క తీసింది. ఆయన పోయి నాలుగు నెలలైంది. నాకెవరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరగా నేనెక్కడున్నాను?

కూర్చోమంది. నీళ్ళిచ్చింది. ఆయన పోయాక ఆఫీసు నుంచి వచ్చిన సర్వీసు కాగితాలు ముందర పెట్టింది. వాళ్ళబ్బాయి చదివి వినిపించాడట, ‘ధ్వంసము చేసినాడు’ అన్న ఆ వాక్యం కింద గోటితో గీసి ఉంది.

“గిదేంది తమ్మి? సూదిమొన విరిగితె పట్నం నుంచి కొత్తది వచ్చేదాంక నిద్రపోని మనిషి. గాయిన కావాలని పలగొడతడా? నువ్వు పక్కనే ఉంటివి గదా, నువ్వే చెప్పు.”

ఆమె అనుమానంతో అడగలేదు. నమ్మకంతో అడిగింది, అదే నన్ను చంపింది. చెప్పాను. చేతులు వదిలింది, కల్వర్టు, విచారణలో నవ్వులు, అన్నీ చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. నోరు అలవాటు పడిపోయింది కదా, చివర్న ఇది కూడా అన్నాను: “ఒక లెక్కకు చూస్తె అక్కా, నేను మన పెట్టె పలగొట్టకపోతె ఆ దొంగపెట్టె బయటపడేదే కాదు. నాకే సర్కారు శాలువ కప్పాలె.”

అక్క నవ్వలేదు. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

“గిప్పుడు నాకు చెప్పింది కాయితం మీద రాసి ఆఫీసుల ఇయ్యి” అన్నది.

“నాకు రాసుడొస్తె డ్రైవర్ ఎందుకైత అక్కా? బడి మానేసినోణ్ణి.”

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

“ఆనాడు నోరు మూసుకునెతందుకు సదువు అడ్డం రాలేదు గదా తమ్మీ. గిప్పుడు తెరిచెతందుకు అడ్డమొచ్చిందా?”